తెల్లవారుజామున చూసిన పిల్లి ఏదో తేలలేదు, రికార్డు ఉంచాలా తీసేయాలా?

పెన్నాతీరం
మైపాడు వైపు మా బావకి రొయ్యల గుంటలు ఉన్నాయి. మొన్న ఆదివారం తెల్లవారుజామున 5:40కి ఏరియేటర్లు (గుంట నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు) చూడడానికి ఆయనతో పాటు కట్ట మీద నడుస్తున్నాను. పాతిక మీటర్ల దూరంలో తూము పక్కన ఒక పిల్లి కూర్చుని నీళ్ళలోకే చూస్తోంది. ఇంట్లో పిల్లికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది, కాళ్ళు పొట్టిగా, ఒళ్ళు దిట్టంగా ఉంది. మంచు పట్టి ఉంది, వెలుతురు సరిగా లేదు. ఫోన్ తీసేలోపు లేచి జమ్ములోకి వెళ్ళిపోయింది. అంతా కలిపి ఎనిమిది, పది సెకన్లు. ఒక్క ఫొటో వచ్చింది, అది కూడా వెనక నుంచి, బూడిద రంగు ముద్దలాగా.

చూసిన జీవులను అందరూ నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) అని పెట్టాను. గంటలో ఒకరు అడవిపిల్లి అన్నారు. ఇంకొకరు ఊరపిల్లే కావచ్చు అన్నారు. మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన "తెలియకపోతే పెట్టకూడదు, డేటా పాడవుతుంది, తీసేయండి" అన్నారు. ఆ మాట చాలా బాధ పెట్టింది. నేను చూసింది అబద్ధం కాదు కదా. పేరు తేలకపోతే చూసిందే లేనట్టా? ఉంచాలా, తీసేయాలా చెప్పండి.

కంభంచెరువు
తీసేయొద్దు. నీటిపిల్లి అన్న పేరు ఒక్కటి వెనక్కి తీసుకుని 'పిల్లి కుటుంబం', అంటే ఫెలిడే దగ్గర ఆపండి. ఆ యాప్‌లో జాతి దాకా వెళ్ళాలని రూలేమీ లేదు. ప్రజాతి, కుటుంబం, అదీ కాకపోతే క్షీరదం అని పెట్టినా తీసుకుంటుంది. మీకు ఎంతవరకు గట్టిగా తెలుసో అంతవరకే చెప్పండి. పిల్లి అన్నది మీకు గట్టిగా తెలుసు కదా?

పెన్నాతీరం
పిల్లి అన్నది నూటికి నూరుపాళ్ళు తెలుసు అన్నా.

ఉల్లంకిపిట్ట
చెవుల వెనక చూశారా? నీటిపిల్లికి చెవి వెనక భాగం నల్లగా ఉండి మధ్యలో తెల్ల మచ్చ ఉంటుంది. అడవిపిల్లికి ఆ మచ్చ ఉండదు, చెవి కొసన చిన్న నల్ల కుచ్చు ఉంటుంది. మీది వెనక నుంచి తీసిన ఫొటో కాబట్టి అదే అడుగుతున్నాను.

పెన్నాతీరం
పెద్దది చేసి చూశాను. ఎడమ చెవి దగ్గర తెల్లగా ఏదో ఉంది. మచ్చా, మంచు బొట్టా, ఫోన్ తెచ్చిపెట్టిన మరకా చెప్పలేను. ఒంటి మీద చుక్కలు నాకైతే కనిపించలేదు.

నిక్కచ్చి_బుచ్చి
ఆ పెద్దాయన మాటే నాదీ. కోపం తెచ్చుకోకండి, కారణం చెప్తాను.

కొన్నేళ్ళ కింద కనిగిరి రిజర్వాయర్ దగ్గర ఎదురెండలో ఒక పెద్ద గద్దను చూశాను. ముదురు రంగు, వెడల్పు రెక్కలు. గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్ అని పక్షుల రికార్డులు పెట్టే ఈబర్డ్‌లో పెట్టేశాను. వివరణ అడిగితే పుస్తకంలో ఉన్న లక్షణాలే రాశాను. నేను చూసినవి రాయలేదు, చూసి ఉండాల్సినవి రాశాను. అది ఆమోదం పొందింది. తర్వాత ఒక కుర్రాడు కాలేజీ ప్రాజెక్టులో మ్యాప్ మీద పడ్డ ఆ చుక్కను వాడుకున్నాడు. రెండేళ్ళకి, ఆ రోజు నాతో వచ్చిన మిత్రుడి కెమెరాలో అదే పక్షి ఫొటో దొరికింది. తల మీద లేత పసుపు టోపీ ఉన్న మార్ష్ హారియర్ అది. నా రికార్డు దిద్దాను. అచ్చయిన ప్రాజెక్టును దిద్దలేకపోయాను. ఆ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పినప్పుడు ఎంత సిగ్గుపడ్డానో నాకు తెలుసు.

అందుకే అంటున్నాను, అనుమానం ఉన్నవి మన నోట్‌బుక్‌లో ఉండాలి, మ్యాప్ మీద కాదు. మ్యాప్ మీద చుక్క పడితే దాని వెనక ఎంత అనుమానం ఉందో చూసేవాడికి కనిపించదు.

కంభంచెరువు
సార్, మీ కథలో తప్పు అనుమానంది కాదు. అనుమానాన్ని దాచి పేరు పెట్టడంది. ఆ రోజే 'గద్ద, జాతి తేలలేదు' అని పెట్టి ఉంటే ఆ ప్రాజెక్టులో తప్పు వచ్చేదా?

నిక్కచ్చి_బుచ్చి
రాదు. కానీ 'గద్ద' అన్న రికార్డు వల్ల ఎవరికి ఉపయోగం?

ఉల్లంకిపిట్ట
ఉపయోగం ఉంది. నా సంగతి చెప్తాను, కొంచెం పొడుగు.

చలికాలంలో కృష్ణపట్నం వైపు అలలు వెనక్కి తీసే టైముకు ఒడ్డు మీద వందల్లో చిన్న పిట్టలు పరిగెడుతుంటాయి. మా ఊళ్ళో వాటన్నిటికీ ఒకటే పేరు, ఉల్లంకి. వాటిలో శాండ్ ప్లోవర్లు రెండు మూడు రకాలు. ముక్కు పొడుగు, కాళ్ళ రంగు చూసి విడదీయాలి. దగ్గరగా నిలబడితే సరే. మూడు వందల పిట్టలు ఎండమావిలో వణుకుతూ కనిపిస్తే ఎవరి వల్లా కాదు. మొదట్లో నేను బాగా కనిపించిన పదింటిని మాత్రం రాసి మిగతావి వదిలేసేదాన్ని. ఒక రోజు నా లిస్టు చూసి ఒకరు అడిగారు: "ఈ ఒడ్డున పదే ఉన్నాయా? పోయినేడు మూడు వందలు అన్నారే, తగ్గిపోయాయా?" నేను రాయని 290 పిట్టలు లెక్కలో చచ్చిపోయినట్టే అయింది!

ఈబర్డ్‌లో 'ఇది గానీ అది గానీ' అని రెండు పేర్ల మధ్య గీత పెట్టిన ఎంట్రీలు ఉంటాయి. అదీ కుదరకపోతే ప్రజాతి పేరు పక్కన 'ఎస్పీ' (sp., అంటే జాతి తేలలేదని) ఉంటుంది. ఇప్పుడు పదికి పేరు పెడతాను, 290 గీత ఎంట్రీలో వేస్తాను. మొత్తం సంఖ్య నిలబడుతుంది.

ఇంకో సంగతి. లెస్సర్ శాండ్ ప్లోవర్ అని మనం రాసుకున్న పిట్టను ఈమధ్య సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడగొట్టారు. పాత రికార్డుల్లో వివరణ, ఫొటో ఉన్నవాళ్ళు మళ్ళీ చూసుకోవచ్చు. పేరు ఒక్కటే రాసినవాళ్ళకి ఇప్పుడు చూసుకోవడానికి ఏమీ లేదు. ఆ రోజు గట్టిగా తెలుసు అనుకున్న పేరు కూడా మారుతుంది. చూసిన లక్షణం మారదు.

కెరటం_కొత్తపట్నం
ఉల్లంకి అక్కా, 290 సంగతి చదివాక నా పాత లిస్టులన్నీ గుర్తొచ్చి గుబులు పుట్టింది.

మాది సముద్రం ఒడ్డు. జనవరి నుంచి మార్చి దాకా చచ్చిన తాబేళ్ళు కొట్టుకొస్తాయి. ఎక్కువ భాగం ఆలివ్ రిడ్లే అని అందరికీ తెలుసు కాబట్టి చూడకుండానే ఆ పేరు రాసేస్తారు. నేనూ అదే చేసేవాడిని. తర్వాత ఒకరు నేర్పారు: డిప్ప మీద నడుమ వరసకి పక్కన ఒక్కో వైపు ఎన్ని పలకలున్నాయో లెక్కపెట్టు అని. రిడ్లేకి ఒక్కో వైపు ఐదు కంటే ఎక్కువే ఉంటాయి సాధారణంగా, రెండు వైపులా సమానంగా ఉండాలని కూడా లేదు. పచ్చ తాబేలుకి నాలుగే. కుళ్ళిపోయి పలకలు ఊడిపోయిన వాటికి ఇప్పుడు 'సముద్రపు తాబేలు, పలకలు లేవు, డిప్ప పొడుగు ఇన్ని సెంటీమీటర్లు' అని రాస్తున్నాను. ఎన్ని చచ్చాయో తెలియడానికి జాతి పేరు అక్కర్లేదు కదా.

నిక్కచ్చి_బుచ్చి
తాబేళ్ళది ఒప్పుకుంటాను. కొలత ఉంది, శవం ఉంది. పది సెకన్ల పిల్లి వేరు.

గిద్దలూరు_గుట్ట
నిక్కచ్చి గారితో ఒక విషయంలో ఏకీభవిస్తాను. తప్పు పేరు ఊళ్ళో ఏం చేస్తుందో మా వైపు వచ్చి చూడండి.

నల్లమల అంచు ఊళ్ళలో 'పులి' అంటే పెద్దపులి కావచ్చు, చిరుత కావచ్చు, ఒక్కోసారి దుమ్ములగొండి కూడా కావచ్చు. పొలంలో అడుగు కనపడుతుంది. ఎవరో ఫొటో తీసి 'పులి' అని గ్రూపులో పెడతారు. దాని కింద ఇంకెవరో వేరే రాష్ట్రంలో తీసిన పెద్దపులి వీడియో తగిలిస్తారు. సాయంత్రానికి మేకలు కొండకి పోవు, పిల్లలు బడికి పోరు. కొందరు ఉచ్చులు పెట్టడానికి కూడా తయారవుతారు, అది అన్నిటికన్నా భయం. పోయినేడు మా ఊళ్ళో అలా టెన్షన్ పడ్డ అడుగుని నేను వెళ్ళి చూస్తే నాలుగు వేళ్ళ ముందూ గోళ్ళ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి లాక్కుంటాయి, మామూలుగా గుర్తు పడదు. ముందరి పాదం వెనక పాదం కంటే బాగా పెద్దది. దుమ్ములగొండి అనిపించింది. కుక్క కాదని మాత్రం ప్రమాణం చేయలేను. అదే మాట రాశాను: గోళ్ళున్న అడుగు, పులీ చిరుతా కాదు, దుమ్ములగొండి కావచ్చు.

ఏది కాదో చెప్పగలిగినా ఊరికి చాలా మేలు.

టీచరమ్మ_కావలి
గుట్ట గారు చెప్పిన చివరి మాట మా పిల్లలకి చెప్తాను రేపు.

మా బడిలో ఏడో తరగతి పిల్లలతో చెరువు నోట్‌బుక్ రాయిస్తున్నాను. మొదట పేరు రాయమన్నాను. కనిపించిన ప్రతిదీ కొంగ. తెల్లకొంగ, నల్లకొంగ, గుడ్డికొంగ, అంతే. తర్వాత పేరు గడిని చివరికి జరిపాను. ముందు సైజు (కాకి కంటే పెద్దదా చిన్నదా), తర్వాత ముక్కు, కాళ్ళు, ఏం చేస్తోంది, ఎక్కడ ఉంది. అన్నీ నిండాక పేరు, తెలిస్తేనే. ఒక పాప 'కాకి కంటే పెద్దది, ముక్కు మూసినా మధ్యలో సందు ఉంది, నత్త తింటోంది' అని రాసి పేరు గడి ఖాళీ వదిలింది. నత్తగుల్లకొంగ అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? పేరు గడి ముందు ఉన్నప్పుడు ఆ పాపే 'కొంగ' అని రాసి ఊరుకుంది.

కెరటం_కొత్తపట్నం
మేడం, ఆ పాపకి నా తరఫున ఒక చాక్లెట్. నాకంటే బాగా రాసింది.

సోమశిల_గాలి
యాప్ ఏం చెప్పింది? మెర్లిన్‌లో ఫొటో పెట్టి చూస్తే సరిపోదా?

ఉల్లంకిపిట్ట
మెర్లిన్ పక్షులకే తమ్ముడూ, పిల్లులకి కాదు. అయినా యాప్ చెప్పింది అన్నది సాక్ష్యం కాదు. ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, అంతవరకే. నా ఫోన్‌లో అది వినిపించిందన్న పిట్టల్లో కొన్ని ఈ జిల్లాలో అడుగు పెట్టనివే.

ఉదయగిరి_దుర్గం
నేను ఎక్కువగా చదివి వెళ్ళిపోతాను, రాయను. ఇక్కడ రాయాలనిపించింది.

మన నెల్లూరులో 1840లలో జెర్డాన్ అనే దొర సివిల్ సర్జన్‌గా చేశాడు. యానాదుల దగ్గర కూర్చుని పక్షుల, జంతువుల సంగతులు తెలుసుకునేవాడు. ఆయన పేరుతో ఉన్న పక్షే మన కలివికోడి. 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. 1900 తర్వాత కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బయటపడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ భరత్ భూషణ్ వెతుకుతుంటే పట్టి చూపించింది అక్కడి ఐతన్న. పుస్తకాల్లో ఎనభై ఏళ్ళకి పైగా లేని పక్షి, ఆ కలివి పొదల మధ్య తిరిగేవాళ్ళకి పేరుతో సహా తెలుసు. ఆ ఎనభై ఏళ్ళలో ఎంతమంది గొర్రెలకాపరులు దాన్ని చూసి ఉంటారో! రాసుకున్నవాళ్ళు, అడిగినవాళ్ళు లేరు.

తర్వాత దాని కోసం పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగులు పడతాయేమో చూశారు, కెమెరాలు కట్టారు. రాత్రి తిరిగే పక్షి కదా, కంటికి చిక్కదు. అంటే ముందు 'ఏదో అడుగు' అన్న రికార్డు, ఆ తర్వాత అది ఎవరిదో తేల్చడం.

నేను కూడా సీతారామపురం కొండల కింద ఒక మునిమాపు వేళ పొదల్లోంచి పరిగెత్తిన పక్షిని చూశాను. రొమ్ము మీద గీతలు ఉన్నాయో లేవో చూడలేకపోయాను. కలివికోడి అని రాయాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. 'నేల మీద పరిగెత్తే పక్షి, కౌజు కంటే పెద్దది, కాళ్ళు పొడుగు, చీకటి పడుతోంది, మూడు సెకన్లు' అని రాసి పెట్టుకున్నాను. ఇంకా అలాగే ఉంది.

గిద్దలూరు_గుట్ట
దుర్గం గారూ, అది ఏ నెల? ఏ చోట? ఇక్కడ రాయొద్దు, మెసేజ్ చేయండి.

ఉదయగిరి_దుర్గం
చేస్తాను అన్నా.

కంభంచెరువు
గుట్ట గారి మాటతో ముఖ్యమైనది గుర్తొచ్చింది. పెన్నాతీరం, మీ రికార్డులో లొకేషన్ దాచారా? నీటిపిల్లి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. ప్రమాదంలో ఉన్న జాతి పేరు పెడితే ఐనాచురలిస్ట్ తనంతట తానే చోటును చెదరగొట్టి చూపిస్తుంది. వట్టి 'పిల్లి కుటుంబం' అని ఉంటే అది ఏ జాతో దానికి తెలియదు, చోటు ఉన్నదున్నట్టు బయటికి కనిపించవచ్చు. చోటు చూపించాలా దాచాలా అన్న జియోప్రైవసీ సెట్టింగ్‌లో 'అబ్‌స్క్యూర్డ్' అని మీరే పెట్టాలి.

పెన్నాతీరం
అయ్యో, ఇది అసలు తట్టలేదు. ఇప్పుడే పెట్టాను. మా బావ కూడా అదే భయపడుతున్నాడు, ఫారెస్టు వాళ్ళు వచ్చి గుంటలు ఆపేస్తారేమో అని. పిల్లి ఉన్నంత మాత్రాన గుంటలు ఆపరని చెప్పాను.

సోమశిల_గాలి
ఒక చిన్న అనుమానం. నేలపట్టు రికార్డులన్నీ నాకు నెల్లూరు జిల్లా కింద ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అది తిరుపతి జిల్లాకి పోయింది. మార్చాలా?

ఉల్లంకిపిట్ట
అక్షాంశ రేఖాంశాలు ఉంటే ఏమీ మార్చక్కర్లేదు. జిల్లాలు మనం గీసుకున్నవి, గూడబాతులకి ఏ జిల్లా అయినా ఒకటే. నోట్‌బుక్‌లో జిల్లా పేరు ఒక్కటే రాసి ఉంటే మాత్రం పక్కన 'నేలపట్టు చెరువు, దొరవారిసత్రం దగ్గర' అని చేర్చుకో.

నిక్కచ్చి_బుచ్చి
పొద్దున్నుంచి అన్నీ చదివాను. తాబేలు, శాండ్ ప్లోవర్, ఆ పాప నోట్‌బుక్. నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. పేరు వెనక్కి తీసుకుని, వివరణ రాసి, చోటు దాచి ఉంచితే నాకు అభ్యంతరం లేదు. కానీ వివరణ ఈ రోజే రాయండి. రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకం పుస్తకంలో బొమ్మ వైపు జరుగుతుంది. నా గద్దకి జరిగింది అదే.

కనిపించనివి కూడా రాయండి. 'చుక్కలు కనిపించలేదు, కానీ వెలుతురు చాలదు' అన్నది నీటిపిల్లి కాదనడానికి సరిపోదు, అవుననడానికీ సరిపోదు. అది అలాగే ఉండాలి. రాష్ట్రంలో ఆ పిల్లి కోరింగ, కృష్ణా మడ అడవుల్లో ఉందని తెలుసు. ఇక్కడ ఉందని చెప్పాలంటే గట్టి ఆధారం కావాలి.

పెన్నాతీరం
రాశాను సార్. దూరం, టైము, మంచు, ఎటు చూస్తోంది, ఎటు పోయింది, చెవి దగ్గర తెల్లటిది, అది మచ్చో కాదో తెలియదన్నది, అన్నీ. ఎవరో అడవిపిల్లి అన్నారని కాకుండా నా కంటికి ఎందుకు నీటిపిల్లి అనిపించిందో కూడా రాశాను: నీళ్ళ అంచున కదలకుండా కూర్చున్న తీరు, ఒంటి దిట్టం.

కంభంచెరువు
బాగుంది. అయితే అడవిపిల్లి కూడా నీళ్ళ పక్కన, జమ్ములో బాగా తిరుగుతుంది. కూర్చున్న తీరు మీద ఎక్కువ బరువు పెట్టొద్దు. తూము దగ్గర బురద ఉంటుందిగా, అడుగులు చూడండి. పక్కన 10 రూపాయల బిళ్ళ పెట్టి నిలువుగా పైనుంచి ఫొటో తీయండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు, కొలతకి పనికొస్తుంది.

పెన్నాతీరం
పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాను. నాలుగు సార్లు వెళ్ళాను, పిల్లి కనిపించలేదు. నిన్న తూము కింద అడుగులు దొరికాయి, ఐదు. బిళ్ళ పెట్టి తీసి రికార్డుకి జతచేశాను. గుండ్రంగా, నాలుగు వేళ్ళు. రెండు అడుగుల్లో మాత్రం వేళ్ళ ముందు సన్నగా గీరినట్టు ఉంది.

రాత్రి కాపలా ఉండే తాతని కూడా అడిగాను. "బావురుపిల్లి అయ్యా, ఎన్నో ఏళ్ళుగా ఉంది, చేప కోసం వస్తుంది" అన్నాడు. చుక్కలుంటాయా అంటే "ఒకదానికి ఉంటాయి, ఒకదానికి ఉండవు" అన్నాడు. మా వైపు పెద్ద అడవి పిల్లి ఏదైనా బావురుపిల్లే కాబట్టి ఆ పేరును జాతి కింద పెట్టలేదు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు నోట్సులో రాశాను.

గిద్దలూరు_గుట్ట
తాత మాట చాలా విలువైనది. రెండు రకాలూ అక్కడ తిరుగుతూ ఉండొచ్చు.

ఉల్లంకిపిట్ట
గీతలు ఆసక్తిగా ఉన్నాయి. నీటిపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, కొసలు బయట ఉంటాయి.

నిక్కచ్చి_బుచ్చి
జారే బురదలో ఏ పిల్లైనా పట్టు కోసం గోళ్ళు దించుతుంది. ఫొటోలు చూశాను, కుక్క కాదని ఒప్పుకుంటాను, అంతకు మించి చెప్పను. కుటుంబం దగ్గరే ఉంచండి.

నా దగ్గర కెమెరా ట్రాప్ (జంతువు ముందుకొస్తే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) ఒకటి ఖాళీగా ఉంది. అడవిలో కట్టాలంటే అనుమతి కావాలి, మీది సొంత కట్ట కాబట్టి మీ బావ ఒప్పుకుంటే చాలు. శనివారం మధ్యాహ్నం బుచ్చిరెడ్డిపాళెం నుంచి బయల్దేరతాను. మెమరీ కార్డు నేను తెస్తాను, పెన్సిల్ బ్యాటరీలు ఎనిమిది తీసుకుని ఉంచండి.

పెన్నాతీరం
తీసుకుంటాను సార్. బావ ఒప్పుకున్నాడు. రెండు రాత్రులు కుక్కని షెడ్డు దగ్గర కట్టేస్తానన్నాడు. తాత తూము పక్కన కర్ర ఇప్పుడే పాతాడు, మోకాలి ఎత్తులో.